బూడిద బేరం నుంచి బ్యూరెట్ దాకా

మన రసాయన శాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఆమ్లాలు, క్షారాల పాఠం దాదాపు ఒకే వరుసలో నడుస్తుంది. ముందు అర్హీనియస్ సిద్ధాంతం, ఆ పైన బ్రాన్‌స్టెడ్, లౌరీ నిర్వచనం, తర్వాత పీహెచ్, సూచికలు. ఇవన్నీ గట్టెక్కాక ప్రయోగశాలలో బ్యూరెట్ చేతికొస్తుంది. ఆమ్లమంటే ఏమిటో పండితులు ముందుగా కనిపెట్టారనీ, దాన్ని కొలిచే పద్ధతి ఆ తెలివిడిలోంచి పుట్టిందనీ చదివే పిల్లలు అనుకోవడం సహజం. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే వరుస తలకిందులుగా కనిపిస్తుంది. అర్హీనియస్ తన పరిశోధన గ్రంథం సమర్పించింది 1884లో. సోరెన్‌సన్ పీహెచ్ కొలమానాన్ని ప్రతిపాదించింది 1909లో. వినిగర్ పులుపును క్షారంతో కొలిచి పోల్చిన పద్ధతి మాత్రం 1729 నాటిది. ఆమ్లమంటే ఏమిటో చెప్పలేని మనుషులు నూటయాభై ఏళ్లకు పైగా ఆమ్లాన్ని కొలిచారు. ఆ కొలతను నమ్మి సరుకు కొన్నారు, అమ్మారు, కల్తీని పట్టుకున్నారు. నా వాదన ఇది: ఇలా ఒకదానికి ఇంకొకటి ఎంత పట్టిందో చూసి కొలిచే టైట్రేషన్‌ని ఒక పద్ధతిగా నిలబెట్టింది బజారు. బూడిద అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ఉన్న అపనమ్మకమే దానికి పురుడు పోసింది. ఆ కొలత లేవనెత్తిన ప్రశ్నలకు సిద్ధాంతం ఆ తర్వాత తీరిగ్గా జవాబులు వెతుక్కుంది.

బూడిదకు అంత విలువ ఎందుకొచ్చిందో ముందు తెలియాలి. పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో సబ్బు చేయాలన్నా, గాజు కరిగించాలన్నా, నారబట్టకు చలువ చేయాలన్నా క్షారం కావాలి. క్షారమంటే ఆ రోజుల్లో బూడిదే. అమెరికా వలసల్లో, రష్యాలో అడవులు నరికి కాల్చి, బూడిదను నీళ్లలో నానబెట్టి, ఆ తేటను ఇగిరిస్తే మిగిలేది పొటాష్. దాన్ని మళ్లీ బట్టీలో కాల్చి తెల్లబరిస్తే పెర్ల్ యాష్. స్పెయిన్ తీరంలో ఉప్పునేల మొక్కల్ని కాల్చి బరిల్లా తీసేవారు, స్కాట్లండ్ తీరంలో సముద్రపు నాచును కాల్చి కెల్ప్ తీసేవారు. మన చాకిరేవుల్లో చౌడు కలిపిన నీళ్లలో గుడ్డలు నానబెట్టి ఉబ్బకు వేసినట్టే, స్కాట్లండ్ చలువ మైదానాల్లో నారబట్టను బూడిద తేటలో ఉడికించి, గడ్డి మీద ఆరబెట్టి, పుల్లటి మజ్జిగలో నానబెట్టి, మళ్లీ ఉడికించేవారు. ఒక్కో తాను తెల్లబడటానికి నెలలు పట్టేది. తేట బలం చాలకపోతే మురికి వదలదు, మోతాదు మించితే నార చివికిపోతుంది. పీపాల్లో వచ్చే బూడిదలో అసలు క్షారం ఎంతో, ఉప్పూ సున్నమూ ఇసుకా ఎంతో పైకి తెలియదు. రంగు చూసి, నాలుక మీద వేసుకుని, వేళ్ల మధ్య నలిపి చెప్పే అనుభవజ్ఞులు ఉండేవారు. వాళ్లు అమ్మేవాడి తరఫు అయితే ఒక మాట, కొనేవాడి తరఫు అయితే ఇంకో మాట.

ఈ తగువు మధ్యలోకి వచ్చినవాడు ఫ్రాన్సిస్ హోమ్ అనే ఎడిన్‌బరో వైద్యుడు. స్కాట్లండ్ నారబట్టల పరిశ్రమ కోసం ఆయన చలువ చేసే పద్ధతులను పరిశీలించి, 1756లో బ్లీచింగ్ మీద ప్రయోగాల పుస్తకం ప్రచురించాడు. మజ్జిగకు బదులు నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడితే వారాల పని గంటల్లో అవుతుందని చెప్పినందుకు ఆయన పేరు ఎక్కువగా తలుచుకుంటారు. నా దృష్టిలో అంతకన్నా విలువైన సంగతి ఆ పుస్తకంలోనే ఇంకొకటి ఉంది. నైట్రిక్ ఆమ్లం ఒక పాలుకు నీళ్లు ఆరు పాళ్లు కలిపి ఒక ద్రావణం చేసుకున్నాడు. బూడిదను కొద్దిగా తూచి గిన్నెలో వేసి, ఆ ద్రావణాన్ని టీచెంచాలతో ఒక్కొక్కటే పోశాడు. ప్రతి చెంచాకూ బుసబుస పొంగు వస్తుంది, కాసేపటికి అణుగుతుంది. ఇంక పొంగు రాని దగ్గర ఆగి, ఎన్ని చెంచాలు పట్టాయో లెక్కపెట్టాడు. ఇంకో రకం బూడిదను అంతే తూకంలో తీసుకుని అదే ద్రావణంతో అదే పని చేశాడు. ఎక్కువ చెంచాలు తాగిన బూడిదలో ఎక్కువ క్షారం ఉన్నట్టు. మాటలతో తేలని తగువుకు చెంచాల లెక్క దొరికింది. అన్ని పరీక్షలకూ ఒకే ద్రావణం వాడాలన్న పట్టింపులో, కొలవాల్సింది పోసిన ద్రవాన్నేనన్న ఊహలో, ఈనాటి టైట్రేషన్ ఎముకలగూడు మొత్తం ఉంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. హోమ్ కన్నా ముందే పండితులు ఈ దారిలో నడిచారు కదా అని. నిజమే. రాబర్ట్ బాయిల్ 1664లో ప్రచురించిన రంగుల పుస్తకంలో, వయొలెట్ పూల పానకం ఆమ్లంతో ఎర్రగా, క్షారంతో ఆకుపచ్చగా మారుతుందని రాసి, దాన్ని పదార్థాల్ని గుర్తుపట్టే పరీక్షగా సూచించాడు. పసుపుకు సున్నం తగిలితే పారాణి ఎరుపు వస్తుందని మన ఇళ్లలో ఎప్పటి నుంచో తెలుసు. బాయిల్ అలాంటి మార్పునే ఒక పరీక్ష స్థాయికి తెచ్చాడు. అయితే ఆ పరీక్ష ఇది ఆమ్లమా, క్షారమా అని మాత్రమే చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. ఎంత అన్న ప్రశ్న వేసినవాడు విల్హెల్మ్ హోంబెర్గ్. 1699లో ఆయన తూచిన పొటాషియం కార్బొనేట్‌ను ఆమ్లంతో శాంతింపజేసి, నీటిని ఇగిర్చి, మిగిలిన లవణాన్ని మళ్లీ తూచాడు. పెరిగిన బరువంతా ఆమ్లానిదే అన్నాడు. తర్కం చూడటానికి బిగువుగానే ఉంది, కానీ ఫలితం తప్పింది. పొంగుతో పాటు గాలిలోకి పోయిన కార్బన్ డయాక్సైడ్ బరువు ఆయన లెక్కలోకి రాలేదు. ఆ వాయువును జోసెఫ్ బ్లాక్ వేరుగా గుర్తించి వివరించేసరికి 1756 వచ్చింది. అది హోమ్ పుస్తకం అచ్చయిన ఏడాదే, ఊరూ ఎడిన్‌బరోనే.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి, వాదనకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. హోంబెర్గ్ చర్య ముగిశాక మిగిలిన పదార్థాన్ని తూచాడు. అలా తూచాలంటే ఏది వచ్చి చేరింది, ఏది పోయింది అన్నీ తెలియాలి, అంటే సిద్ధాంతం ముందే కావాలి. హోమ్ తూచిన బూడిదకు ఎంత ద్రావణం పట్టిందో చూశాడు. పొంగుతో ఏ వాయువు పోయినా, ఎంత పోయినా ఆయన లెక్క చెక్కుచెదరదు. తెలియని విషయాన్ని కొలత బయటే నిలబెట్టడం ఈ పద్ధతి బలం. 1729లో క్లాడ్ జోసెఫ్ జాఫ్రాయ్ వినిగర్ల పులుపును పోల్చినప్పుడు, పొటాషియం కార్బొనేట్ పొడిని చిటికెడు చిటికెడుగా వేస్తూ పొంగు ఆగేదాకా ఎంత పట్టిందో చూశాడు. అదీ ఇదే దారి. జాఫ్రాయ్ విజ్ఞాన అకాడమీ సభ్యుడే అయినా, ఆయన కుటుంబ వృత్తి మందుల అంగడి. ఏ వినిగర్ ఎంత ఘాటో తేల్చాలన్నది అంగట్లో సరుకు ముందు పెట్టుకున్నవాడికి తట్టే ప్రశ్న. పండితుల పాత్రను నేను కొట్టిపారేయడం లేదు. పరిష్కారంగా నిలిచిన మార్గం మాత్రం సరుకు నాణ్యత తేల్చాల్సి వచ్చినవాళ్ల చేతుల్లో గట్టిపడిందంటున్నాను.

తర్వాతి అడుగు విలియం లూయిస్‌ది. లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ అమెరికా వలసల్లో పొటాష్ తయారీని ప్రోత్సహించడానికి బహుమతులు ప్రకటించింది. బహుమతి ఇవ్వాలంటే సరుకు నాణ్యత తేలాలి. లూయిస్ 1767లో అమెరికా పొటాష్‌ల మీద తన ప్రయోగాలు ప్రచురించాడు. పొంగు ఆగిన క్షణం పట్టుకోవడం కష్టమనీ, చివర్లో బుడగలు అడపాదడపా వస్తూనే ఉంటాయనీ గమనించి, లిట్మస్ పూసిన కాగితపు ముక్కల్ని వాడాడు. చెంచాల బదులు ఆమ్ల ద్రావణాన్ని తూచాడు. అన్నిటికన్నా పెద్ద మెరుగు ఇంకోటి: తన ఆమ్లం బలాన్ని ముందుగా శుద్ధమైన, పొడి పొటాషియం కార్బొనేట్‌తో సరిచూసుకున్నాడు. హోమ్ దగ్గర బూడిదల మధ్య పోలిక మాత్రమే ఉంది. లూయిస్ చేతికి ఒక ప్రమాణం వచ్చింది. ఇంత పొటాష్‌లో ఇంత అసలు క్షారం అని ఎవరికైనా చెప్పగలడు, ఇంకో ఊళ్లో ఇంకొకరు చేసినా అదే అంకె రావాలి. ఈ రోజు ప్రయోగశాలలో ఆక్జాలిక్ ఆమ్లం తూచి ప్రామాణిక ద్రావణం చేసుకునే ప్రతి విద్యార్థీ ఆ పనినే చేస్తున్నాడు.

ఫ్రాన్స్‌లో ఈ కథ వేగం అందుకుంది. 1785 ప్రాంతంలో బెర్తొలే క్లోరిన్‌తో బట్ట తెల్లబరచవచ్చని చూపించాక, ఆ ద్రావణం బలం తెలియక రూవాన్ నేతగాళ్ల బట్ట చిల్లులు పడే ప్రమాదం వచ్చింది. అక్కడి మందుల తయారీదారు ఫ్రాంస్వా దెక్రువాజీల్ నీలిమందు ద్రావణం రంగు పోవడాన్ని గుర్తుగా పెట్టుకుని, గీతలు గీసిన గాజు గొట్టంతో ఆ బలాన్ని కొలిచే సాధనం చేశాడు. 1806లో సోడా, పొటాష్‌ల కోసం ఇంకో గొట్టం వచ్చింది. వంద పాళ్ల సరుకును శాంతింపజేయడానికి ఎన్ని పాళ్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం పట్టిందో అదే ఆ సరుకు డిగ్రీ. ఫ్రెంచి బజారులో సోడా ఆయన పేరున్న డిగ్రీల్లోనే అమ్ముడయ్యేది. గే లుసాక్ 1828లో ఇదే పద్ధతికి ఇంకా పదును పెట్టాడు. ఆయన రాతలో నాకు బాగా నచ్చే వివరం లిట్మస్ గురించిన గమనిక. సోడా కార్బొనేట్‌లోకి ఆమ్లం పోస్తుంటే లిట్మస్ నీలం ముందు ద్రాక్షసారా ఎరుపులోకి తిరుగుతుంది. అక్కడ ఆగితే తప్పు. అది నీళ్లలో కరిగిన కార్బానిక్ ఆమ్లం చేసిన పని. ఇంకా పోస్తే ఒక్కసారిగా ఉల్లిపొర ఎరుపు వస్తుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం మిగిలిందని చెప్పేది ఆ రంగు. రెండు ఎరుపుల తేడాను కంటితో పట్టుకుని, దానికి ఇంటి వస్తువు పేరు పెట్టి, పనివాడికి అర్థమయ్యేలా రాశాడు. బలహీన ఆమ్లం, బలమైన ఆమ్లం అన్న విభజనకు సిద్ధాంతం రావడానికి ఇంకా యాభై ఏళ్లకు పైనే ఉంది.

మరి సిద్ధాంతం లేకుండా వచ్చిన ఆ అంకెలు గుడ్డి లెక్కలే కదా, అని ఇంకో అభ్యంతరం. జెరెమియాస్ రిక్టర్ 1792 నుంచి ప్రచురించిన గ్రంథంలో ఆమ్లాలు, క్షారాలు నిర్ణీత నిష్పత్తుల్లోనే కలుస్తాయని చూపించాడు కాబట్టే టైట్రేషన్‌కు అర్థం వచ్చిందని ఈ వాదం. రిక్టర్ గొప్పతనంలో అనుమానం లేదు. అయితే ఆయన నిష్పత్తులు తేల్చింది కూడా ఒకదాన్ని ఇంకొకటి శాంతింపజేసేదాకా కలిపి చూసే. హోమ్ చెంచాలకు అప్పటికే మూడు దశాబ్దాలు దాటాయి. పైగా ఆ కాలంలో రాజ్యమేలిన సిద్ధాంతం తప్పు. ఆమ్లత్వానికి మూలం ఆక్సిజన్ అన్నాడు లవోయిజే. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ జాడే లేదని 1810లో డేవీ తేల్చేదాకా ఎక్కువమంది దాన్నే నమ్మారు. దెక్రువాజీల్ గొట్టం ఆ సిద్ధాంతం బతికున్న రోజుల్లోనూ సరైన అంకే ఇచ్చింది, అది పడిపోయాకా అదే అంకె ఇచ్చింది.

ఇది అదృష్టం కాదు, దీనికి కారణం ప్రకృతిలోనే ఉంది. 25 మిల్లీలీటర్ల 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోకి అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ పోస్తున్నామనుకుందాం. 24.95 మిల్లీలీటర్ల దగ్గర పీహెచ్ 4. ఇంకో రెండు చుక్కలు, అంటే 25.05 దగ్గర 10. అంతదాకా నత్తనడక నడిచిన పీహెచ్ రెండు చుక్కల్లో ఆరు మెట్లు దూకుతుంది. ఒక మెట్టు అంటే పదింతలు కాబట్టి, ఆ రెండు చుక్కల్లో హైడ్రోజన్ అయాన్ల గాఢత పది లక్షలో వంతుకు పడిపోతుంది. ఆ దూకుడులో ఎక్కడ రంగు మారినా లెక్కలో తేడా చుక్కకు మించదు. లిట్మస్ అయినా, వయొలెట్ పానకం అయినా జవాబు ఒకటే వస్తుంది. కారణం తెలియకపోయినా, బలమైన ఆమ్లం వాడిన పాతవాళ్ల కొలతను కాపాడింది ఈ నిట్టనిలువు దూకుడే. కార్బొనేట్ దగ్గర ఆ దూకుడు మందగిస్తుంది కాబట్టే గే లుసాక్‌కు రెండు ఎరుపులు కనిపించాయి.

బజారు పుట్టించిన కొలతను బజారే వంచిన సందర్భమూ ఉంది, దాన్ని దాచి ఈ వాదన చేయడం న్యాయం కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్ సోడా వ్యాపారంలో న్యూకాసిల్ టెస్ట్ అని ఒక ఆనవాయితీ ఉండేది. సోడియం సమానభారం 24 అనుకున్న రోజుల నాటి లెక్క అది. తర్వాత 23 అని తేలింది. పాత లెక్కలో శుద్ధమైన సోడా కార్బొనేట్‌లో 59.26 శాతం సోడా ఉన్నట్టు వస్తుంది, సరైన లెక్కలో 58.49. శాతాన్ని బట్టి ధర కట్టే వ్యాపారంలో ఇది చిన్న తేడా కాదు. వెయ్యి టన్నులు అమ్మితే దాదాపు 13 టన్నుల ధర అదనంగా చేతికొస్తుంది. అంకె తప్పని తెలిశాకా అమ్మకందార్లు ఆ ఆనవాయితీని వదల్లేదు. అయితే ఇందులో బ్యూరెట్ తప్పు ఏముంది? పట్టిన ఆమ్లం అంకె రెండు లెక్కల్లోనూ ఒకటే. ఆ అంకెను శాతంగా మార్చే గుణకం దగ్గర మోసం చేరింది. మోసం ఎంతో దశాంశాలతో సహా చెప్పగలగడానికి కారణం కూడా ఆ కొలతే. రంగు, రుచి చూసి బూడిద కొన్న కాలంలో ఎవరు ఎంత నష్టపోయారో చెప్పే వీలే లేదు.

సిద్ధాంతానికి రావలసిన వాటా కూడా ఇచ్చేయాలి. కోబ్లెంజ్‌లో మందుల అంగడి నడిపిన కుటుంబంలో పుట్టిన ఫ్రెడ్రిక్ మోర్, మన విద్యార్థులకు మోర్ లవణం ద్వారా తెలిసిన పేరు, 1855లో టైట్రేషన్ మీద పెద్ద పుస్తకం రాశాడు. గాజు గొట్టం కింద రబ్బరు గొట్టం, దానికో నొక్కుడు క్లిప్పు పెట్టి చుక్క చుక్కగా వదిలే బ్యూరెట్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. 1877లో ఫినాఫ్తలీన్, 1878లో మిథైల్ ఆరెంజ్ సూచికలుగా వచ్చాయి. రెండోదాన్ని ముందుకు తెచ్చిన లుంగె సోడా పరిశ్రమ రసాయనాల్లో పండిపోయిన మనిషి. ఇక్కడ కొత్త చిక్కు మొదలైంది. వినిగర్‌కు మిథైల్ ఆరెంజ్ వాడితే రంగు చాలా ముందే మారిపోతుంది, ఫినాఫ్తలీన్ వాడితే సరిగ్గా వస్తుంది. ఎందుకో అనుభవం చెప్పలేకపోయింది. అర్హీనియస్ అయాన్ల ఊహను పట్టుకుని 1894లో ఆస్ట్‌వాల్డ్ సూచికలు ఎలా పనిచేస్తాయో వివరించాకే, ఏ ఆమ్లానికి ఏ సూచిక అన్నది ఊహించి చెప్పగలిగే విషయమైంది. ఈ మేలు సిద్ధాంతానిదే, సందేహం లేదు. అయితే ఆ ప్రశ్నను అడిగింది బ్యూరెట్. సోరెన్‌సన్ పీహెచ్‌ను రూపొందించిన కోపెన్‌హేగన్ కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాల కూడా ఒక బీరు కంపెనీ నెలకొల్పినదే.

ఈ వరుస తెలిస్తే పాఠం చెప్పే వరుస కూడా మారాలి. ప్రయోగశాలలో ఉపాధ్యాయుడు తానే తయారుచేసిన ద్రావణం సీసాలో పోసి, దాని గాఢత కనుక్కోమంటే, జవాబు ముందే ఎవరికో తెలిసిన ప్రశ్న అవుతుంది. అందుకే కావలసిన అంకె నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు రాసే అలవాటు పెరిగింది. దాని బదులు బజారులో కొన్న వినిగర్ సీసా ముందు పెట్టవచ్చు. పులియబెట్టి చేసిన వినిగర్‌లో అసిటిక్ ఆమ్లం కనీసం 3.75 శాతం ఉండాలని మన ఆహార ప్రమాణాల నిబంధన. సీసాలోంచి 5 మిల్లీలీటర్లు పిప్పెట్‌తో తీసి, నీళ్లు కలిపి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే చాలు. అసిటిక్ ఆమ్లం అణుభారం 60 కాబట్టి, 3.75 శాతం ఉన్న వినిగర్ 5 మిల్లీలీటర్లలో 0.1875 గ్రాముల ఆమ్లం ఉంటుంది, దానికి 31.25 మిల్లీలీటర్ల క్షారం పట్టాలి. 28 దగ్గరే గులాబీ రంగు వచ్చి నిలిచిపోతే, ఆ వినిగర్‌లో ఆమ్లం 3.36 శాతమే, నీళ్లు ఎక్కువైనట్టు. 33 దాటాకే వస్తే సరుకు సరైనదే. అయాన్లు, పీహెచ్, సూచిక సిద్ధాంతం ఆ మర్నాటి తరగతిలో మొదలుపెట్టవచ్చు.